గోటి మందం

పదకొండో నంబరు గదిలో
లింగ నిర్ధారణ నేరమన్న బోర్డు కింద
చొక్కా విప్పి కూర్చున్నాడు హుసేనప్ప.
బయట బెంచీల మీదంతా గర్భిణులే.
"నాకేం పుడ్తాదో సెప్పొద్దులే మా" అన్నాడు.
తన జోకుకి తనే నవ్వి,
నవ్వు అయిపోయాక
ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి బల్ల మీద పెట్టాడు,
ఎవరిదో మూట దించినట్టు.

కొలిమిగుండ్ల దగ్గర నాపరాళ్ళ గని.
ఏడు నెలల కింద, లారీకి ఎత్తుతుంటే
బండ జారి భుజాన పడింది.
ఎముక అతికింది. నరం సంగతే
కర్నూలు పెద్దాసుపత్రిలో ఎవరూ తేల్చి చెప్పలేదు.
పోయిన వారం సూదుల పరీక్షకు రమ్మంటే
సూదుల్ని చూసి బనగానపల్లె బస్సెక్కేశాడట.

"ఇందులో సూది లేదు" అన్నాను.
"కోసేది?"
"లేదు."
"మరి లోపలిది ఎట్ల తెలుస్తాది?"

జెల్ పూశాను. ఉలిక్కిపడ్డాడు.
"గని గుంతలో తెల్లారుజాము నీళ్ళున్నట్టుంది."
"శబ్దం పంపుతాను, మన చెవికి అందని శబ్దం.
లోపల తగిలి వెనక్కొస్తుంది.
వచ్చిన తీరును బట్టి బొమ్మ."

చాలాసేపు నన్నే చూశాడు.
ఏదో తప్పు చెప్పానేమో అనుకున్నాను.

"మేం సేసేదీ అదే కదా మా.
పగలగొట్టి సూస్తే ఇంగ అమ్మనీకి ఏం మిగుల్తాది?
సుత్తితో తట్టి ఇంటాం.
కంచు మాదిరి పలికితే గట్టి బండ.
మొద్దుగా పలికితే
యాడనో కడుపులో నెర్రె ఉన్నట్టు.
మా నాయనైతే మడిమెతో తొక్కి సెప్పేటోడు."

ముందు ఎడమచెయ్యి.
నల్లని పొర, తెల్లని గీత, మళ్ళీ నల్లని పొర,
కాస్త వాలుగా, ఒకదాని మీద ఒకటి.
"ఇది మా గనే" అన్నాడు తెర చూసి.
కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.
బిగించమన్నాను. పొరలు ఉబ్బాయి, గీతలు లేచి నిలబడ్డాయి.
వదులుగా రెండు పాయింటు తొమ్మిది. బిగిస్తే మూడు ఆరు.

తర్వాత కుడిచెయ్యి.
పొరలున్నాయి, పలుచన.
నలుపు ఉండాల్సిన చోట
బోరునీళ్ళ బిందెకు సున్నం పట్టినట్టు తెలుపు.
రాసుకున్నాను, పైకి అనలేదు.
ఒకటి ఎనిమిది.

"బిగించు."
మెడ మీద నరం లేచింది. దవడ గట్టిపడింది.
నుదుటి చెమట కనుబొమ్మ దాటి కంట్లోకి దిగింది.
చెయ్యి మాత్రం పెట్టిన చోటే పెట్టినట్టుంది.
"ల్యాదు మా."
"చేతిని చూడకు. తెర చూడు. ఇంకోసారి."

అడుగున, ఎముకకు ఆనుకుని,
ఒకే ఒక గీత
నిద్రలో ఎవరో పేరు పెట్టి పిలిస్తే ఒత్తిగిల్లినట్టు
కదిలి
మళ్ళీ పడుకుంది.

నా చెయ్యే వణికిందేమో.
మోచేతిని బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ అడిగాను.
మళ్ళీ ఒత్తిగిల్లింది.
చర్మం మీద దాని జాడ లేదు. వెంట్రుక కూడా కదల్లేదు.

"ఒక మిల్లీమీటరు" అన్నాను.
"అంటే యెంత?"
నా బొటనవేలి గోరు అంచు చూపించాను.
దాన్ని దగ్గరికి తీసుకుని, తిప్పి,
బండ అంచు చూసినట్టు చూశాడు.
"ఉలి దిగనీకి అంత సందు సాలు మా.
ఆ మీంద దెబ్బ మీంద దెబ్బ. బండే ఇడుస్తాది."

నరం బండ కాదని చెప్పాను.
వచ్చే నెలకూ గోరంతే ఉండొచ్చనీ,
అసలు లేకపోనూ వచ్చనీ చెప్పాను.
కాగితంలో ఏ గడిలో రాయాలో తెలీక
పక్కన, ఖాళీ చోట, పెన్నుతో రాశాను: కదిలింది.

అప్పటికే తర్వాతి టోకెన్ పిలిచారు.
ఏడో నెల మనిషి నడుం పట్టుకుని గుమ్మంలో నిలబడింది.
హుసేనప్ప తువ్వాలుతో జెల్ తుడుచుకుని
ఎడమచేతి కణుపులతో కుడిదండను తట్టాడు,
తల వంచి చెవి దగ్గర పెట్టాడు.

"ఏమంటోంది?" అన్నాను.

"ఆగు మా" అన్నాడు. "ఇంటాండా."